పన్నెండు కొట్టే ముసలోడు

"పాలు తాగే పిల్లను సంకలేసుకొని బొమ్మలు సూడనీకి పోతరా ఎవలన్నా? నలుగురు నవ్వరా?"

పెళ్లింట్లో కాగులు సర్దుతూ అత్తమ్మ అన్న మాట ఇది. హైదరాబాద్‌లోని అల్వాల్‌లో ఆమె కూతురి ఇల్లు. గురువారం రాత్రి ఆ ఇంటి పెళ్లయింది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి అత్తమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు బుధవారమే వచ్చేశారు. నిర్మల్, ఆర్మూరు, కామారెడ్డి దాటి బస్సు జేబీఎస్ చేరేసరికి రెండున్నరేళ్ల పోరడు రెండుసార్లు కక్కుకున్నాడు. ఆరునెలల చంటిది మాత్రం మేడ్చల్ దాకా కళ్లు తెరవలేదు.

కోడలు బదులు చెప్పలేదు. బోథ్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆమె సోషల్ చెబుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియం ఏ నది ఒడ్డున ఉందో, ఏ రోజున మొదలైందో ఏటా పిల్లలతో వల్లె వేయిస్తుంది. తానెన్నడూ లోపల అడుగుపెట్టలేదు. పెళ్లికి ముందు కాలేజీ టూరులో గేటు దాకా వచ్చింది. ఆ రోజు శుక్రవారం. మ్యూజియానికి వారంలో సెలవు ఆ ఒక్కరోజే. గేటు ముందు ఫొటో దిగి వెనక్కి తిరిగారు.

ఈసారీ ఆమె బయలుదేరబోయింది శుక్రవారమే. ఆడబిడ్డ భర్త నవ్వి, "ఇయ్యాల బందుంటది సెల్లె, రేపు పోండ్రి" అన్నాడు. ఒకరోజు ఆగడమంటే బోథ్ బస్టాండు దగ్గర భర్త నడిపే సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఇంకో రోజు మూసి ఉండటమే. అతను కాసేపు లెక్కలు వేసుకొని, "సరే తియ్" అన్నాడు.

వాళ్లు మాతో అన్నీ చెప్పారు, పేర్లు మాత్రం వేయొద్దన్నారు. అందుకని ఈ కథనంలో వాళ్లు కోడలు, కొడుకు, అత్తమ్మ. పిల్లలిద్దరూ పోరడు, చంటిది.

శనివారం పొద్దున జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు మెట్రో. పోరడి దృష్టిలో అసలు మ్యూజియం అదే. తలుపులు వాటంతటవే తెరుచుకుంటుంటే, "మల్ల! మల్ల!" అని ఊగిపోయాడు. రానంటూనే బయలుదేరిన అత్తమ్మ ఒక చేత్తో ఇనుప కడ్డీని, రెండో చేత్తో మనవడి చొక్కాను పట్టుకొని నిలబడింది. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే దారుల్‌షిఫా ఎంతోసేపు పట్టదు. గేటు దగ్గరికి వెళ్లేటప్పటికి పదకొండు కావస్తోంది.

సంచులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే అప్పజెప్పాలి. పిల్లల తల్లికి ఈ నిబంధన అందరికంటే ముందుగా తెలిసి ఉండాలి. ఆ సంచిలో ఏముంటాయో ఎత్తుకు తిరిగేవాళ్లకే ఎరుక: మూడు డైపర్లు, ఫ్లాస్కులో వేడినీళ్లు, చంటిదాని బొంత, పోరడికి మార్చే నిక్కరు, రొట్టె ముక్కలు, గిలక్కాయ. కోడలు సంచి ముందు గొంతుకూర్చొని రెండు నిమిషాలు ఆలోచించింది. ఒక డైపరు, ఒక మెత్తటి పాత చీర ముక్క, గిలక్కాయ తీసుకొని మిగతావన్నీ అక్కడే వదిలేసింది. పిల్లలతో బయటికెళ్లిన మగవాళ్లెవరూ ఈ ఎంపిక చేయగా నేనైతే చూడలేదు. ఆ సమయంలో కొడుకు టికెట్ల వరుసలో ఉన్నాడు. పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

లోపల మొదట ఎదురైనవి సాలార్‌జంగ్ వంశం వాళ్ల పటాలు. కోడలు పాఠం చెప్పే గొంతులో భర్తకు చెప్పసాగింది. తాత మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్. 1853 నుంచి 1883 దాకా నిజాం దివాను. రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా పంచిన జిలాబందీ ఆయనదే. తహసీల్ కచ్చేరి ముందు కాగితం పట్టుకొని నిలబడ్డ ప్రతి బోథ్ రైతుకూ ఆయనతో ఎంతో కొంత లావాదేవీ ఉన్నట్టే. ఆయన కొడుకు రెండో సాలార్‌జంగ్, మీర్ లాయక్ అలీఖాన్. మనవడు మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. ఈ సొత్తులో ఎక్కువ భాగం కూడబెట్టింది ఈ మనవడే.

ఆయన 1889 జూన్ 13న పుణెలో పుట్టాడు. నెల తిరగకముందే, జులైలో, తండ్రి పోయాడు. తండ్రికి అప్పటికి ముప్పయ్యేళ్లు కూడా లేవు. ఆ పసిగుడ్డు నిజాం నీడలో పెరిగి 1912లో, 23 ఏళ్లకే, దివాను అయ్యాడు. 1914లో ఆ పదవి వదిలేశాడు. అప్పటి నుంచి చనిపోయేదాకా, మూడున్నర దశాబ్దాలు, ఆయన వ్యాపకం ఒక్కటే: వస్తువులు సేకరించడం. పింగాణీ, దంతం, కత్తులు, గడియారాలు, చేతికర్రలు, రాతప్రతులు, ఆఖరికి పిల్లలాడుకునే బొమ్మలు, సీసపు సిపాయిలు కూడా. 1949 మార్చి 2న ఆయన కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు.

అంతవరకు పెద్దగా పట్టించుకోని అత్తమ్మ అక్కడ ఆగింది. "గిన్ని కొనుక్కొని, ఒక్క పెండ్లి చేసుకోకపాయెనా! మరి గీ బొమ్మలన్ని ఎవలాడుకున్నరే?"

సాలార్‌జంగ్ మీద వచ్చిన వ్యాసాలు చాలానే చదివాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

వారసుడు లేని ఆ సంపదను ఏం చేయాలన్నది అప్పటి ప్రభుత్వానికి పెద్ద చిక్కు. మ్యూజియం పెడదామన్నవారిలో ముఖ్యుడు నాటి పాలనాధిపతి ఎం.కె. వెల్లోడి. గుట్టలుగా పడి ఉన్న వస్తువులను వరుసలో పెట్టే పని ఐర్లండు కవి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ మీద పడింది. 1951 డిసెంబరు 16న, సాలార్‌జంగులు నివసించిన దివాన్ దేవిడీలోనే నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరుచుకుంది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. మూసీ దక్షిణపు గట్టున ఇప్పుడున్న ఈ భవనానికి మారింది 1968లో.

డిసెంబరు 16కు ఇంకో విశేషం కూడా ఉంది. 1899లో సరిగ్గా అదే తేదీన న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పిల్లల కోసమే ఒక మ్యూజియం తెరిచారు. అలాంటిది ప్రపంచంలో అదే మొదటిదంటారు. తేదీలు కలవడం కాకతాళీయమే. కానీ మ్యూజియంలో పసివాడికేం పని అనే ప్రశ్నకు ఒక ఊరివాళ్లు అంతకాలం కిందటే జవాబు చెప్పారని అత్తమ్మకు తెలిస్తే బాగుండేది.

పోరడికి ఇవేవీ పట్టలేదు. అద్దాల పెట్టెల్లో ఉన్నవి వాడి కంటికి ఆనవు. వాడి ఎత్తుకు కనిపించేవి పెట్టెల కాళ్లు, మెట్లు, జనం చెప్పులు, కాపలాదారు బూట్లు. మొదటి అరగంటలో వాడు మనసు పెట్టి చూసింది మెట్లనే. ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ఓపిక నశించి కొడుకు వాణ్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది వాడికి కర్రబొమ్మ.

నిలువెత్తు మగమనిషి. తల పైకెత్తి గర్వంగా నిలబడ్డాడు. అతని వెనక పెద్ద అద్దం. ఆ అద్దంలో మాత్రం తల దించుకుని, చేతిలో ప్రార్థన పుస్తకంతో ఒక ఆడపిల్ల. ఒకే మొద్దు, ముందువైపు మెఫిస్టాఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా. జర్మన్ కవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని సైతాను ఒకడు, ఆ సైతాను పన్నాగానికి బలైన అమాయకురాలు ఒకతె. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పనితనం. కోడలు మొదలుపెట్టిన వివరం సగంలో ఉండగానే పోరడు తండ్రి జుట్టు గుంజి కిందికి దిగాడు. బొమ్మ పక్కకు వెళ్లి మెడ సాచి చూశాడు, ముందుకొచ్చి చూశాడు. మళ్లీ పక్కకు. ఏడ తిరిగినా బొమ్మ వెనక ఇంకొకరు దాక్కునే ఉన్నారు.

"బూ!" అన్నాడు అద్దంలోని ఆమెతో.

ఆమె తల ఎత్తలేదు. వీడు మళ్లీ "బూ!" అన్నాడు. చుట్టూ నిలబడి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నవాళ్లు నవ్వారు. కాలేజీ కుర్రాడొకడు ఫోను జేబులో పెట్టేసి, వీడిలాగే పక్కకు వంగి చూశాడు. దాగుడుమూతల ఆటగా ఆ శిల్పాన్ని అర్థం చేసుకున్నవాడు ఆ గదిలో పోరడొక్కడే. చెక్కిన శిల్పి పేరు మనకు తెలియదు గానీ, ఆయన చేసింది కూడా ఆ ఆటే కదా అనిపిస్తుంది.

చంటిది లేచింది మేలిముసుగు రెబెక్కా దగ్గర.

లేస్తూనే ఏడుపు. పాలరాతి గదిలో ఆ ఏడుపు నాలుగింతలై మోగింది. గిలక్కాయ పనిచేయలేదు. అత్తమ్మ ఎత్తుకుని ఊపింది, లాభం లేదు. జనం తిరిగి చూస్తున్నారు. కోడలి చెవులు ఎర్రబడ్డాయి. కొడుకు మెల్లగా, "బయటకి పోదమా?" అన్నాడు. బయటకంటే ఎక్కడికి? మాఘమాసమైనా పదకొండున్నర ఎండ. సంచీ, బొంతా గేటు దగ్గర.

ఇక్కడ పనికొచ్చింది అత్తమ్మే. పొద్దున "నలుగురు నవ్వరా" అన్నది ఆవిడే. గోడ పక్కన బల్ల మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లను, "జెర లేవుండ్రి బిడ్డా, పిల్లకు పాలియ్యాలె" అని లేపేసింది. కోడల్ని కూర్చోబెట్టి, తాను జనం వైపు వీపు పెట్టి అడ్డంగా నిలబడింది. నడుముకు రెండు చేతులూ పెట్టుకొని ఆవిడ అలా నిలబడితే తెర అవసరం లేకపోయింది. కోడలు చీర ముక్క కప్పుకుని పిల్లను రొమ్ముకు ఆనించుకుంది. ఏడుపు ఆగింది.

ఎదురుగా రెబెక్కా. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి యువతి. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా వెళ్లినప్పుడు రోమ్‌లో కొని తెచ్చాడు. కాబోయే భర్త ఐజాకును చూసి ముసుగు వేసుకున్న బైబిలు కథలోని పెళ్లికూతురు. చూసేందుకు అందరూ వచ్చేది ఆ ముసుగునే. రాయి అని తెలుసు, అయినా బట్ట వెనక ముక్కు, పెదవులు, కిందికి వాలిన రెప్పలు కనిపిస్తూనే ఉంటాయి. పుస్తకాల్లో చదివిన ఆ బొమ్మ ముందు కోడలు కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుంది. మామూలుగా అయితే జనం తోపులాటలో రెండు నిమిషాలు దొరికేవి. చంటిది నిదానంగా తాగింది, తల్లి నిదానంగా చూసింది. ముసుగు అంచు భుజం మీద మడత పడిన చోటు, ఆ మడత కింద పడ్డ నీడ, అన్నీ చూసింది. "అది ఎట్ల చెక్కిండో తెల్వాలంటే కూసోవాలె. నిలబడితే తెల్వదు" అని తర్వాత మాతో అంది.

పోరడు వచ్చి తల్లి మీది గుడ్డ పైకెత్తి చూశాడు. లోపల చెల్లె ఉంది. రెబెక్కా వైపు తిరిగి, "గామె లోపట ఎవలున్నరు?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా గడియారం ముందు జనం మూగడం మొదలైంది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ వారి ఇంగ్లీషు తరహా గడియారం ఇది. కుడివైపు ఒక కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. గంట పూర్తయ్యే సమయానికి కొద్ది నిమిషాల ముందు పైన చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు ముసలివాడొకడు బయటికొస్తాడు. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. ఉన్న విశేషం అంతే. దానికోసం రోజూ వందల మంది మెడలు సాచుకుని నిలబడతారు. పన్నెండుకు జనం మరీ ఎక్కువ, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

కొడుకు పోరణ్ని మళ్లీ భుజాల మీదికి ఎక్కించాడు. ముసలోడు బయటికొచ్చాడు. హాలంతా ఒక్కసారి మౌనం. ఒకటి, రెండు, మూడు... జనం గొంతు కలిపి లెక్కపెట్టారు. పోరడికి మూడు దాకానే వచ్చు. తర్వాత ప్రతి దెబ్బకూ "మూడు" అనే అన్నాడు. పన్నెండో దెబ్బ కొట్టి ముసలోడు లోపలికి పోగానే జనం చెదిరిపోయారు. పోరడు కదలడు.

"మల్ల!"

"మల్ల గంటకు వస్తడు రా."

"మల్ల!"

రెండున్నరేళ్లవాడికి గంట అంటే ఏమిటో ఎలా చెప్పాలి? కొడుకు బిస్కెట్ ఇస్తానన్నాడు, బయట మెట్రో రైలుందన్నాడు. వాడు నేల మీద బోర్లా పడుకున్నాడు. చిన్నపిల్లలతో బయటికెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఈ సమయం వస్తుంది. తిట్టడమా, ఎత్తుకుని పారిపోవడమా అని చూసేవాళ్లందరూ ఎదురుచూస్తుంటారు. ఆ రోజు కొడుకు రెండూ చేయలేదు. కోడలి వైపు తిరిగి, "నేను వీడితోని ఈడనే కూసుంట. నువ్వు పోయి సూసి రా" అన్నాడు.

చంటిది అప్పటికి అత్తమ్మ ఒళ్లో నిద్ర. కోడలు కాసేపు నమ్మలేనట్టు నిలబడి, తర్వాత గబగబా నడిచింది. రెండున్నరేళ్ల తర్వాత, బడిలో తప్ప, ఇంటి బయట ఆమె చేతులు ఖాళీగా ఉండటం అదే మొదలు. ఎవరినీ ఎత్తుకోలేదు, ఎవరి వేలూ పట్టుకోలేదు. మొదట్లో నడక కూడా కుదురుగా రాలేదంది. సంకలో బరువు లేక ఒకవైపుకు ఒరిగినట్టుండేదట. తూర్పు బ్లాకుకు వెళ్లి చైనా, జపాన్ పింగాణీ చూసింది. పడమటి బ్లాకులో ఐరోపా బొమ్మలు చూసింది. ఆ ముప్పావుగంటలో చూసినవాటి జాబితా అడిగితే సరిగ్గా చెప్పలేకపోయింది. ఒక్కతే నడిచిన సంగతి మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఈలోగా పోరడూ వాడి నాయనా బొమ్మల గదిలో సిపాయిల దళాన్ని చూశారు. వాడు అద్దానికి ముక్కు ఆనించి ఆవిరి చేసి, వేలితో గీత గీశాడు. కాపలాదారు వచ్చి, "సార్, అద్దం" అన్నాడు. కొడుకు రుమాలుతో తుడిచేశాడు. మళ్లీ గడియారం ముందుకొచ్చి కమ్మరి దెబ్బలు చూస్తూ కూర్చున్నారు. గంట సేపు పిల్లవాడు ఒకచోట కూర్చుంటాడని ఎవరూ నమ్మరు. నిజానికి కూర్చోలేదు కూడా, నాలుగుసార్లు లేచి పరుగెత్తాడు. ప్రతిసారీ తనంతట తానే వెనక్కొచ్చి, "అచ్చిండా?" అని అడిగాడు.

ఒంటిగంటకు కాస్త ముందు తలుపు తెరుచుకుంది. ముసలోడు వచ్చాడు. పోరడు చప్పట్లకు చేతులు లేపి సిద్ధంగా ఉన్నాడు.

టంగ్.

ముసలోడు లోపలికి పోయాడు. తలుపు పడింది.

పోరడు తండ్రి మొహం చూశాడు, తర్వాత గడియారం చూశాడు. ఈసారి "మల్ల" అనలేదు. "ఒకటేనా?" అన్నాడు. కొడుక్కి నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. అత్తమ్మే అందుకుంది: "ఇందాక గన్ని కొట్టిండు కాదురా, చెయ్యి గుంజుతలేదా వానికి? బువ్వ తినవోయిండు. నువ్వు కూడ నడువు." ఆ మాట వాడికి నచ్చింది. తండ్రి ఒళ్లోంచి దిగి, అందరికంటే ముందు గేటు వైపు నడిచాడు.

బోథ్ తిరిగొచ్చాక, బడిలో తోటి టీచర్లు మ్యూజియంలో ఏమేం చూశావని అడిగారట. నలభైకి దగ్గరగా గ్యాలరీలున్న చోట వీళ్లు కలిసి నింపాదిగా చూసినవి మూడంటే మూడు. నా మటుకు నాకు అది తక్కువని అనిపించదు. ఒక్కరోజులో అన్నీ చూడాలని పరుగెత్తి, సాయంత్రానికి ఒక్కటీ గుర్తులేని పెద్దలు మనలో చాలామంది. చిన్నపిల్లలు వెంట ఉంటే ఆ పరుగు ఎటూ సాగదు, మంచిదే. తల్లీ తండ్రీ వంతులేసుకోవాలి, అంతే. వంతుకు ఒప్పుకోని మగవాళ్లు ఇంట్లో ఉండి టీవీ చూసుకోవచ్చు.

మ్యూజియాలు నడిపేవారికి కూడా ఒక మాట. బహిరంగ ప్రదేశాల్లో తల్లులు పాలివ్వడాన్ని చిన్నచూపు చూడరాదనీ, ప్రభుత్వ భవనాల్లో అందుకు వసతి ఉండాలనీ సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. పెద్ద నగరాల సంగతి అలా ఉంచి, జిల్లాల్లోని చిన్న మ్యూజియాల్లో సైతం ఒక మూల తెర, ఒక కుర్చీ, ఒక నీళ్ల కుళాయి పెట్టడానికి కోట్లు అక్కర్లేదు. అందరి వెంటా అడ్డం నిలబడే అత్తమ్మ రాదు. హైదరాబాద్ దాకా రాలేని ఆదిలాబాద్ తల్లిదండ్రులకు కెరమెరి దగ్గరి జోడేఘాట్‌లో కుమురం భీం స్మారక మ్యూజియం ఉంది. ఉట్నూరు, జైనూరు మీదుగా పోతే దారి పొడవునా అడవే. పిల్లలు కక్కుకుంటారు, పాత గుడ్డలు పెట్టుకోండి.

సాలార్‌జంగ్‌కే వెళ్లేటట్టయితే శుక్రవారం వద్దు. సంచిలోంచి ఏం తీసుకోవాలో గేటు దాకా వెళ్లాక కాదు, ఇంట్లోనే తేల్చుకోండి. చిన్నవాడుంటే పన్నెండుకే గడియారం ముందుండండి. ఒంటిగంటకు మాత్రం వద్దు.